కళ్లంలో ఆరబెట్టిన బ్యాటరీ

అద్దంకి దగ్గర ఒక పల్లె. పొద్దున పూట, మిరపకాయలు ఆరబోసిన కళ్లం పక్కన తేజశ్రీ, ఆమె నాయనమ్మ, అద్దంకిలో డ్రోన్ల కొట్టు నడిపే ఫిలిప్.

“అంటగట్టావు ఫిలిప్ అన్నా, పాత బ్యాటరీ తుడిచి కొత్తదని అంటగట్టావు! లేకపోతే ఐదు నెల్లకే ఇట్టా ఉబ్బుతుందా?”

“దేవుడి తోడు తేజా, కొత్తదే ఇచ్చాను. సీలు నీ ముందే కదా కోశాను!”

“ఎందుకే ఆ అబ్బాయి మీద అరుస్తావు? పొద్దున్నే బండేసుకుని వచ్చాడు. మజ్జిగ తాగు నాయనా.”

“నువ్వుండు నాయనమ్మా. ఆదివారం వాడరేవులో నాకు పోటీ. సముద్రం మీద ఎగరెయ్యాలి. మధ్యలో ఇది చచ్చిందంటే నా డ్రోను చేపల పాలే.”

“మజ్జిగ తర్వాత తాగుతా మామ్మగారూ, ముందు దీన్ని చూడనివ్వండి. ఇదిగో తేజా, బల్ల మీద పెట్టి వేలితో నొక్కితే ఊగుతోంది. పని అయిపోయినట్టే.”

“కొంచెమేగా ఉబ్బింది! ఆదివారం ఒక్కరోజు లాగిస్తే...”

“లోపలున్నది గ్యాసు. లాగిస్తే అంటుకుంటుంది. అసలు ఎన్ని నిమిషాలు ఎగురుతోంది?”

“కొత్తలో ఇరవై. ఇప్పుడు పది... తొమ్మిది.”

“పదా, తొమ్మిదా?”

“ఏడు.”

“ఏడా! ఇరవై కాస్తా పదహారయిన రోజే నాకు ఫోన్ చెయ్యాల్సింది. ఐదో వంతు తగ్గిందంటే మార్చెయ్యడమే. దిగాక వేడిగా ఉంటోందా?”

“వేడా! పెనం మీంచి తీసిన అట్టులా కాలిపోతా ఉంది.”

“నీకెట్టా తెలుసు నాయనమ్మా?”

“నాకా? నువ్వే అన్నావుగా మొన్న.”

“నేనెప్పుడన్నాను?”

“అన్నావులే. మజ్జిగలో ఉప్పు సరిపోయిందా ఫిలిప్?”

“ఇంకా తాగలేదండీ. తేజా, ఈ పట్టీ సందులో మిరప గింజేంటి? హాచ్! అబ్బో, ఘాటు! బ్యాటరీని కారం డబ్బాలో గానీ దాచావా?”

“నేనెందుకు దాస్తాను? నాయనమ్మా, నువ్వెటు పోతున్నావు?”

“కాయలు తిరగెయ్యొద్దా? ఎండెక్కింది.”

“మోకాళ్ల నొప్పులని కళ్లం దిగడమే మానేశావుగా. కూర్చో. దీనికి మిరప గింజ ఎట్టా అంటింది?”

“ఒక్కపూట ఎండలో పెట్టాను.”

“ఎండలోనా!”

“కాయ చెమ్మ పీల్చి ఉబ్బితే ఏం చేస్తాం? కళ్లంలో పోసి ఆరబెడతాం. దీనికీ చెమ్మ తగిలిందేమో అనుకున్నా. కాయల మధ్యలో పెట్టి, అటొకసారి ఇటొకసారి తిరగేశా కూడాను.”

“అమ్మ బాబోయ్! మామ్మగారూ, మీ అదృష్టం బాగుంది. కళ్లం మొత్తం తగలబడేది! అయినా ఇది ఎండకి చెడింది కాదు, ముందే చెడింది. చూడు తేజా, ఈ మీటర్లో, లోపల మూడు సెల్స్‌లో ఒకటి బాగా పడిపోయింది. అడుగంటేదాకా వాడారు. పావు వంతు ఉండగానే దించాలని చెప్పానా లేదా?”

“నేనెప్పుడూ అట్టాగే దించుతా.”

“ఎన్నిసార్లు ఛార్జింగ్ పెట్టావు?”

“వారమంతా ఒంగోలు కాలేజీలో ఉంటా. ఎగరేసేది ఆదివారాలేగా. మహా అయితే నలభై సార్లు.”

“బ్యాటరీ చూపిస్తున్న లెక్క రెండు వందల పన్నెండు.”

“రెండొందలా! చూశావా, దొరికిపోయావు! పాతదే అమ్మావు. మా కాలేజీలో అందరికీ చెప్తా. నీ కొట్టు గడప ఒక్కళ్లు తొక్కితే ఒట్టు.”

“తేజా, నా కొట్టు మూయించకు! నేను...”

“ఆ అబ్బాయిని అనకే, మంచివాడు. ఆ మాట వదిలెయ్. సుబ్బరావమ్మ సంగతి తెలిసిందా మీకు? పైన నిగనిగలాడే ఎర్రకాయ పరిచి, తెల్లబడ్డ తాలుకాయంతా నీళ్ల ట్యాంకు వెనకాల పోసింది.”

“వాళ్ల కళ్లం ఊరవతల కదా నాయనమ్మా. నీకెవరు చెప్పారు?”

“ఎవరో అనుకుంటుంటే విన్నాలే. మజ్జిగ తాగు ఫిలిప్, పులిసిపోద్ది.”

“తాగుతానండీ. తేజా, నన్ను నమ్మినా నమ్మకపోయినా ఇది మాత్రం విను. దీన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టకు. గుచ్చకు, చెత్తకుప్పలో వెయ్యకు. ఇసక బకెట్టులో పెట్టి నాకిచ్చెయ్, ఇలాంటివి తీసుకునే వాళ్లకి పంపిస్తా. కొత్తది తెచ్చాను, తీసుకో.”

“సంచిలో రెండున్నాయిగా. రెండూ ఇచ్చెయ్.”

“రెండోది వేరేవాళ్లది. మీ ఊరావిడే, ఆదివారం పోటీకి పేరు రాసుకుని బ్యాటరీ తెమ్మని నా కొట్టుకి కబురు పంపింది. కాగితం చూడు, ఒక్కో అక్షరం ముగ్గు పెట్టినట్టు ఎంత గుండ్రంగా రాసిందో! ఇంటి నంబరు రాయలేదు, సంతకమూ పెట్టలేదు. కోటిరత్నం గారిల్లు ఎక్కడో తెలుసా?”

“కోటిరత్నమా? అది నీ పేరేగా నాయనమ్మా!”

“అరవకే. నొప్పులు మోకాళ్లకి గానీ వేళ్లకి కాదుగా. అక్షరాలు నేర్పింది నువ్వే, డ్రోనూ, దాని నోట్సూ బల్ల మీద వదిలేసి కాలేజీకి పోయేదీ నువ్వే. ఎగరెయ్యడం దాకా చదివాను, ఎప్పుడు దించాలో ఆ పేజీ ఇంకా రాలేదు. ఆదివారం ముందు నువ్వు ఎగరెయ్, ఆ తర్వాత నేను. ఏం ఫిలిప్, సంతకం ఎక్కడ పెట్టమంటావు?”