ఏడో నంబరు రిపోర్టు

అసలు ఊపిరి ఎప్పుడు తీసుకుంటావే నువ్వు? ఒక పేజీ చదివేసరికి నాకు ఆయాసం వచ్చింది. మొదటి పేరాలోనే ఐదు కామాలు తప్పు! మీ ల్యాబు వాళ్ళు ఈ రిపోర్టు తిప్పి పంపారంటే పంపరా మరి?

ఏడుపు తర్వాత. ముందు కుర్చీ ఇటు లాక్కో. ఆ టీ తాగు, చల్లారిపోతోంది. మీ అమ్మా చిన్నప్పుడు ఇంతే, ముందు ఏడ్చేసి ఎందుకో తర్వాత చెప్పేది. అక్క కదా అని ఊరుకునేదాన్ని. నువ్వు నాకు అక్కవి కాదుగా, అక్క కూతురివి. ఊరుకోను.

ఇదిగో, ఇది చూడు. "ది వాటర్ వాజ్ క్లౌడీ, వీ టెస్టెడ్ ఇట్ ట్వైస్." నీళ్ళు తేటగా లేవు, మేం రెండుసార్లు పరీక్ష చేశాం. మన తెలుగులో ఇలా కామా పెట్టి రాస్తే నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఇంగ్లీషులోనే వచ్చింది తంటా.

ఆ కామా మీద వేలు పెట్టు. పెట్టవే, కరవదు! ఎడమవైపుది ఒక్కటే చదువు. పూర్తయిందా? కుడివైపుది చదువు. అదీ పూర్తయిందిగా? మరి రెండు నిండు వాక్యాల్ని తెచ్చి ఆ బక్క కామా నెత్తిన పెడితే పాపం ఎలా మోస్తుంది?

ఏం చెయ్యాలా? చుక్క పెట్టెయ్. అన్నిటికంటే సులువు. లేదూ, మొదటిదాని వల్లే రెండోది జరిగిందని చెప్పాలా, కామా ఉంచి పక్కన "సో" రాయి. అదీ వద్దంటే కామా పైన చుక్క పెట్టు, సెమికోలన్ అవుతుంది. కానీ తల్లీ, బాగుంది కదా అని పేజీ నిండా చల్లకు. నీ సంగతి నాకు తెలుసు.

ఆ, ఇక్కడ బోల్తా పడ్డావు. మధ్యలో "హవెవర్" పెడితే రెండూ అతుక్కుపోతాయనుకున్నావు కదూ? అతుక్కోవు. దాని ముందు చుక్కో సెమికోలనో ఉండాల్సిందే. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దే రోజుల్లో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా దీనికి దొరికిపోయేవాళ్ళు నాకు. ఎంత సంబరంగా ఉండేదో!

అయ్యయ్యో, దాన్నెందుకు కొట్టేస్తావ్? అది బాగానే ఉంది! "వెన్ ది వాటర్ వాజ్ క్లౌడీ" దగ్గర ఆగు. నీళ్ళు తేటగా లేనప్పుడు... లేనప్పుడు ఏమైంది అని అడుగుతామా లేదా? అంటే ఒంటరిగా నిలబడలేదు. అక్కడ కామా చాలు. భయపడి ఉన్నవన్నీ పీకెయ్యకు.

నవ్వావు! హమ్మయ్య.

ఇంతకీ రేపు సాయంత్రంలోగా ఇవ్వాలి కదూ? ఇదీ తిరిగొస్తే ఉద్యోగం పర్మనెంటు చెయ్యరు. తెలుసులే. మీ ల్యాబులో ట్రైనీలు తొమ్మిది మంది, ఉంచుకునేది నలుగురిని. నీది ఏడో నంబరు... ఏంటలా చూస్తావ్? నువ్వే చెప్పావుగా?

చెప్పలేదా?

సరే. పెన్ను కింద పెట్టు.

మీ వాళ్ళు రిపోర్టుల మీద పేర్లు తీసేసి, నంబర్లు వేసి, ఇంగ్లీషు చూడమని బయట ఒకరికి పంపుతారు కదా. ఆ ఒకరు ఎవరో మీకు చెప్పరు. రిపోర్టులు ఎవరివో ఆ మనిషికీ చెప్పరు. ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి అయితే నమ్మకంగా చూస్తుందనుకున్నారు. ఆ మనిషిని నేనే.

మూడో వాక్యానికే నువ్వని తెలిసిపోయింది. ఫోన్లో ఎలా మాట్లాడతావో అలాగే రాశావు, ఆపకుండా, మాట మీద మాట. నీ గొంతే వినిపించింది. ముచ్చటేసింది కూడా. అప్పుడే కవరు మూసి, ఇది మా అక్క కూతురిది, నేను చూడకూడదు అని వెనక్కి పంపాల్సింది. పంపలేదు. కొత్తగా వచ్చిన పని, పోతుందనిపించింది. పోనీ పాస్ చేస్తే, పిన్ని కాబట్టి చేసింది అంటారేమోనని భయం. అందుకని ఒక్క కామానీ వదలకుండా ఎర్ర సున్నాలు చుట్టాను.

ఆగు, ఇంకా ఉంది. రెండో నంబరులోనూ ఇవే తప్పులు. నీకంటే రెండు ఎక్కువే. వాటిని పెన్సిలుతో దిద్ది పాస్ అని రాశాను. నీది తిప్పి పంపాను.

ఈ పొద్దున మీ ల్యాబుకి వెళ్ళి అంతా చెప్పేశాను. ఇక ఆ పని నాకు లేదు. ఈసారి నీది ఎవరు చూస్తారో తెలీదు, అందుకే ఇవాళ ధైర్యంగా నీ పక్కన కూర్చున్నాను. గడువు మాత్రం మార్చేది లేదన్నారు. బతిమాలాను కూడా.

తిట్టాలంటే తిట్టు. మీ అమ్మకి చెబుతావా, చెప్పు. ముక్కూ మొహం తెలీనివాళ్ళు నన్ను నిక్కచ్చి మనిషి అనుకోవాలని, ఎత్తుకుని పెంచిన పిల్లకి అన్యాయం చేశాను.

ఇంకా మూడు పేజీలున్నాయి. ఇక్కడే కూర్చుని దిద్దుకుంటావో, మీ ఇంటికెళ్ళి దిద్దుకుంటావో నీ ఇష్టం. వెళ్ళినా నేనేం అనుకోను.

అనుకుంటాను. అయినా అడ్డుపడను.