డెన్మార్క్ వాళ్ళు లైన్లో ఉండగా

అమెరికాలోని మోరిస్‌విల్, 2013 వసంతం. భార్య పోయిన ఏడాదికి కొడుకు ఫణి దగ్గరికి వచ్చిన భాస్కరరావు, వంటింట్లో కోడలు జాహ్నవి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఫణి ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

"రాలేదు మామయ్యగారూ. ఇందాకే ఈమెయిల్ వచ్చింది. వేరేవాళ్ళకి ఇచ్చేశారట."

"ఏది?"

"ఏదేమిటండీ! డెన్మార్క్‌లో పీహెచ్‌డీ. నిన్న స్కైప్‌లో ఇంటర్వ్యూ జరిగిందే, అది."

"ఈ వయసులో చదువేమిటి? పోతే పోయింది."

"చదువు కాదు. అక్కడ పీహెచ్‌డీ అంటే ఉద్యోగం. నెలనెలా జీతం, సెలవులు, అన్నీ. ఖాళీ ఉందని ప్రకటన వేస్తారు, మనం అప్లై చేయాలి. గాలిమరల రెక్కలు ఎక్కడ పగులుతాయో చూసే పని. నా ఎంటెక్ ప్రాజెక్టు అదే."

"ఇక్కడ చేసుకోరాదూ?"

"నా వీసా మీద ఇక్కడ ఉద్యోగం చేయనివ్వరు. ఆరేళ్ళుగా చేస్తున్నది వంటే."

"వంట పనికిమాలిందా? మీ అత్తయ్య బతుకంతా చేసింది."

"అత్తయ్యగారి మాట ఇప్పుడెందుకు?"

"సరే. ఎత్తను."

"నిన్న ఇంటర్వ్యూ బాగానే జరుగుతోంది మామయ్యగారూ. ముగ్గురు ప్రొఫెసర్లు. ఒకావిడైతే తల ఊపుతూ రాసుకుంటోంది. నేను బొమ్మలు చూపిస్తున్నాను. సరిగ్గా అప్పుడు..."

"ఊఁ."

"'అమ్మాయ్, కాఫీ' అన్నారు."

"అన్నాను."

"రెండుసార్లు."

"నువ్వు లేచావు. నేను చెయ్యి పట్టి లాగానా?"

"మీరు పిలిస్తే ఎప్పుడైనా లేవకుండా ఉన్నానా? 'వన్ మినిట్' అని చెప్పి వెళ్ళి కలిపాను. తిరిగొచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఇంట్లో మీ అవసరం ఉన్నట్టుంది అంది ఆవిడ. మర్యాదగానే అంది. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగలేదు."

"ఒక్క కాఫీకి ఊడిపోయేది ఏం ఉద్యోగం?"

"ఆ కాఫీ మీరు తాగనూ లేదు. సాయంత్రం చూస్తే మీ గదిలో మీగడ కట్టి ఉంది. సింకులో పారబోశాను."

"అక్కర్లేకపోయింది."

"అక్కర్లేనిది ఎందుకడిగారు?"

"ఇవాళ ఎండ బాగా కాస్తోంది."

"ఎండ సంగతి కాదు నేనడిగింది. నేను వెళ్ళిపోతే మీకు వండేవాళ్ళు ఉండరనా?"

"గంజి కాచుకోవడం వచ్చు నాకు."

"మరి?"

"పొయ్యి మీద పాలు చూడు."

"పొయ్యి మీద ఏమీ లేదు. ఫణి మొహమైనా చూడాల్సింది మీరు. హెడ్‌సెట్ తనే కొనిచ్చాడు. గ్రీన్‌కార్డు సంగతి నేను చూసుకుంటా, మూడేళ్ళు వెళ్ళిరా అన్నాడు. ఈ ఇంట్లో నా వైపున్నది తనొక్కడే."

"ఊఁ."

"ఈ కాఫీ గొడవ తనకింకా చెప్పలేదు, మీ మీద అరుస్తాడని. ఇప్పుడు చెప్తాను. ఆ ఫోన్ ఇలా ఇవ్వండి."

"వద్దు."

"భయమా?"

"వాడి తిండి తింటున్నాను. భయమే అనుకో."

"ఇవ్వండి మామయ్యగారూ."

"కూర్చో. నిన్న పొద్దున నేను కాఫీ తాగేశాను. వెళ్ళేముందు వాడే ఫ్లాస్కులో పోసి నా గదిలో పెట్టాడు. తలుపవతల ఇంగ్లీషు మొదలయ్యాక కాసేపాగి నిన్ను పిలవమన్నాడు. ఒకసారికి లేవకపోతే, రెండోసారి."