కారులో విన్న కాపీ

హ్యూస్టన్‌లో ఒక సెలూన్ వెనక ఆగిన పాత కారు డిక్కీ నిండా కొత్త ఆల్బమ్ సీడీలున్నాయి. ర్యాపరూ, అతని మేనేజరూ దాని ముందు నిలబడి ఉన్నారు.

“రేపు రావాల్సిన ఆల్బమ్ పొద్దున్నే నెట్‌లోకి ఎక్కేసింది. ఇక ఇవి ఎవడు కొంటాడు తమ్ముడూ? మ్యూజిక్ కంపెనీవాళ్ళు ఇంకా పిలుస్తున్నారు. సంతకం పెట్టెయ్.”

“పెట్టను. ఇన్నేళ్ళూ ఈ డిక్కీలోంచే అమ్ముకున్నా. నా పాటలకి యజమానిని నేనే.”

“మొండికెయ్యకు. స్టూడియోలో ఎవడో లీక్ చేసుంటాడు.”

“లీకైంది విన్నావా అన్నా? బాస్ మోతకి చెవులు దద్దరిల్లుతున్నాయి.”

“అయితే?”

“సీడీలో అలా ఉండదు, స్టూడియోలోనూ ఉండదు. ఏ పాటైనా ముందు కారులో విని చూస్తాం కదా. నా స్పీకర్లు సగం చచ్చాయని, బాస్ పెంచి ఒకే ఒక్క కాపీ చేయించా. అది ఈ కారు దాటలేదు.”

“కారు ఎవడైనా తెరిచి ఉండొచ్చుగా!”

“తాళం నా దగ్గరే ఉంటుంది. మొన్న అమ్మని చర్చి నుంచి తీసుకురమ్మని ఒక్కడికే ఇచ్చా.”

“తమ్ముడూ... నీ మంచి కోసమే...”

“రేపటిదాకా ఆగను, ఈ సాయంత్రమే ఇక్కడ అమ్ముతా, చూస్తూ ఉండు. దొంగెవడని జనం అడిగితే పేరు కూడా చెప్తా. నువ్వే, లవెల్!”