బావ మగ్గం గుంటలో నాసరయ్య

నాసరయ్యకి కుళ్ళు. ఏదో కొంచెం కుళ్ళు అనుకునేరు, కాదు. పక్కింట్లో వాళ్ళ బావ వీరరాఘవులు తుమ్మితే ఈడ ఈయనకి ముక్కు దురద పెట్టేదంట, అంత గట్టిగా తుమ్మటానికి వాడేం తిన్నాడా అని. బావంటే ఎవరో కాదు, సొంత చెల్లెలు సౌభాగ్యం మొగుడే. ఇద్దరిదీ నేతపనే, ఇద్దరి ఇళ్ళకీ మధ్యన ఒకటే గోడ, గోడకి అటు మగ్గం, ఇటు మగ్గం. పనిలో మాత్రం నాసరయ్యని మించినోడు లేడు, అది ఒప్పుకోవాల. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, అడ్డదారం తీసుకుపొయ్యే నాడె విసిరాడంటే అది పొయ్యేదీ కనపడదు, తిరిగొచ్చేదీ కనపడదు. ఆ గాలికి ఎదురింటి దండెం మీద తడిబట్టలు ఆరిపొయ్యేయి. నవ్వుతారేంది? మీరు నమ్మాల కదా అని నేను తగ్గించి చెబుతున్నా. ఇంక ఆయన మగ్గం దెబ్బ ఎట్టా ఉండేదంటే ధడ్-ధడక్, ధడ్-ధడక్ అని, రెండో దెబ్బ తోక ఊపినట్టు ఉండేది. వీరరాఘవులుది అట్టా కాదు. టక్కు... టక్కు... అని ముసలెద్దు నడిచినట్టు. మా పేటలో ఎవరైనా సరే, కళ్ళు మూసుకుని ఏ మగ్గం మీద ఎవరు కూర్చున్నారో చెబుతారు. మనిషి గొంతు ఎట్టా గుర్తుపడతామో అట్టాగే అనుకో.

అట్టా నడస్తా ఉంటే ఏమైందంటే, ఆ కరోనా వొచ్చింది. బస్సుల్లేవు, పెళ్ళిళ్ళు లేవు, చీరలు కొనేవాళ్ళు లేరు. నేసిన చీరలన్నీ సావుకారు కొట్లో మిద్దెకి తగిలేదాకా పేరుకున్నయ్యి. సావుకారు వొచ్చి, "అబ్బాయిలూ, మగ్గం మీద ఉన్నది నెయ్యండి, ఆ తర్వాత నా దగ్గిర పోగు లేదు" అని చెప్పి పొయ్యాడు. వీరరాఘవులు ఏం చేశాడు? రోజుకి జానెడే నెయ్యటం మొదలుపెట్టాడు. పోగు ఉన్నన్నాళ్ళు మగ్గం బతికుంటది కదా అని. నాసరయ్యకి అది చూసి నవ్వు. "పొదుపు చేసుకుని నేస్తాడంట, మొగోడేనా వాడు" అని తనకున్నదంతా ఒక్క ఊపున నేసి పారేశాడు. పారేసి, సావుకారు మీద కోపంతో చెయ్యగూడని పని ఒకటి చేశాడు.

ఈ సంగతి మగ్గం తెలియనోళ్ళకి చెప్పాల. చీర అయిపొయ్యాక నేతగాడు పోగుని, అంటే మగ్గం మీదుండే నిలువు దారాల్ని, మొదలంటా కొయ్యడు. దువ్వెన లాంటి అచ్చు ఉంటది, దాని పళ్ళ సందుల్లో జానెడు కొసలు ఉంచేస్తాడు. రేపు కొత్త పోగు వొస్తే వేళ్ళకి బూడిద అద్దుకుని, పాత కొసకి కొత్త కొస మెలేసి అతికేస్తాడు, పని సుళువు. ఆ కొసలు కూడా కోసేశాడా, మగ్గం బోసిపోయిందన్న మాటే. మళ్ళా పోగు ఎక్కించాలంటే ఒక్కొక్క దారం అచ్చు ఎనకుండే సూదిబెజ్జమంత కంట్లోంచి దూర్చి, అచ్చు పంటి సందులోంచి లాగి, నడుములు విరగాల. అందుకే మా వాళ్ళు ఎంత కరువులోనైనా కొసలు ఉంచుతారు. నాసరయ్య కత్తెర తీసుకుని బరబరా కోసేశాడు. "ఇంక వాడి పోగు నేను ముట్టను పో" అన్నాడంట, వినటానికి సావుకారు ఆడ లేకపోయినా.

ఆ తర్వాత గవర్నమెంటోళ్ళు చెప్పారు, పనుల్లేక పస్తులుంటున్న నేతగాళ్ళకి సాయం చేస్తాం, డబ్బులు బ్యాంకులో వేస్తాం, కాకపోతే సొంత మగ్గం ఉండాల, దాని మీద పోగు ఉండాల, మనిషి గుంటలో కూర్చుంటే ఫొటో తియ్యాల అని. ఒక ఆఫీసరమ్మ వొచ్చింది, ఆమె ఎనకాల ఫొటో తీసే అబ్బాయి. నాసరయ్య ఇంటికొచ్చి చూసి, "పోగు లేదేమయ్యా" అంది. "నెల కిందటి దాకా ఉందమ్మా" అన్నాడు. "నెల కిందటిది నేను ఫొటో తియ్యలేను గదయ్యా, పోగు లేని మగ్గానికి రాసే అధికారం నాకు లేదు" అని పక్కింట్లోకి పోయింది. ఆడ వీరరాఘవులు టక్కు... టక్కు... అని నేస్తా ఉన్నాడు. ఫొటో తీశారు. సాయం పడింది.

చూసుకో ఇంక నాసరయ్య అవస్థ! పక్కింట్లో మెత్తళ్ళ చేపల పులుసు కాగితే ఆ వాసన గోడెక్కి దూకి ఈయన చారన్నం మీద కూర్చునేది. వీరరాఘవులు మంచోడు, గిన్నెడు పులుసు గోడ మీదనుంచి ఇచ్చేవాడు. ఈయన తినేవాడు, తిని, "చూశావా, ఉప్పు కూడా వాడింట్లోనే సరిగ్గా పడతాది" అని మండిపొయ్యేవాడు. పెళ్ళాం పేరిందేవి ఊరుకునే రకం కాదు. "ఉప్పు మన ఇంట్లోనూ సరిగ్గానే పడతాది, ఏసుకోటానికి కూరేది? ఆ రోజు కత్తెర పట్టుకోకుండా ఉంటే మనింట్లోనూ కాగేది పులుసు" అనేది. ఆయనకి కడుపులో పొయ్యి రాజేసినట్టే. ఆ మంట మీద పేట మొత్తానికి అన్నం ఉడికేదంటే అబద్ధం కాదు.

ఇంకో విడత సాయం ఉందని, మళ్ళా మగ్గాలు చూడటానికొస్తారని తెలిసింది. వీరరాఘవులు గోడ దగ్గిరకొచ్చి, "బావా, నా మగ్గం మీద ఇంకా పోగు ఉండాది. సగం కోసుకో. ఇద్దరం కూర్చుని నీ మగ్గానికి ఎక్కిద్దాం, ఈసారి నీకూ పడతాది" అన్నాడు. ఎవరైనా ఏం చేస్తారు? కాళ్ళకి దణ్ణం పెట్టకపోయినా తలకాయైనా ఊపుతారు. ఈయన, "నీ ఎంగిలి పోగు నాకేం అక్కర్లేదు, దానం చేసేంత గొప్పోడివయ్యావా" అన్నాడంట. వీరరాఘవులు నవ్వి, "సరేలే బావా, కోపం తగ్గినాకే కోసుకో, తలుపు తీసే ఉంటది" అని పొయ్యాడు. ఆ నవ్వు చూశాక నాసరయ్యకి ఒకటే ఆలోచన: నాకు రాకపోతే పోనీ, వాడికి మాత్రం రాగూడదు.

మర్నాడు పొద్దున బియ్యం ఇస్తున్నారని పేటంతా కొట్టు కాడికి పోయింది, ముగ్గుపిండితో గుండ్రాలు గీసి ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషిని నిలబెట్టారు. బావ, చెల్లెలు, పేరిందేవి అందరూ ఆడే. ఈయన మూతికి గుడ్డ కట్టుకుని, కత్తెర నడుముకి దోపుకుని బావ ఇంట్లో దూరాడు. మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు. కత్తెర తీసి అచ్చు ముందర పోగు మీద పెట్టాడు. ఇంకొక్క నొక్కు నొక్కితే బిగువు మీదున్న దారాలు అచ్చు పళ్ళలోంచి ఎనక్కి జారిపోయి బావ మగ్గం కూడా బోసి. నొక్కాలి, నొక్కడు. ఎందుకు నొక్కడంటే, కాళ్ళు కిందున్న చెక్కల మీద పడ్డయ్యి. ఎన్నాళ్ళయిందో ఆ కాళ్ళకి మగ్గం తగిలి! వాటికి ప్రాణం లేచొచ్చింది. ఈయన చేతులు ఒకటి అంటయ్యి, కాళ్ళు ఇంకొకటి అంటయ్యి, ఆ కొట్లాటలో ఉండగా గుమ్మంలోంచి, "వీరరాఘవులు నువ్వేనా?" అని వినపడింది. తలెత్తితే ఆఫీసరమ్మ!

కాదంటే, మరి ఎవరింట్లో కూర్చున్నావు, చేతిలో కత్తెర ఎందుకు అంటది. మూతికి గుడ్డ ఉండాది గదా అని, "ఊఁ" అన్నాడు. కత్తెర ఒళ్ళో జారవిడిచాడు. "అయితే నెయ్యి, చూస్తాం" అంది. నేశాడయ్యా! నాడె పట్టుకున్నాక ఇంక తను ఎవరింట్లో ఉన్నాడో మర్చిపొయ్యాడు. ధడ్-ధడక్, ధడ్-ధడక్! దూలం మీద పావురాలు లేచి ఎగిరిపొయ్యినయ్యి. ఫొటో అబ్బాయి తీసిన ఫొటోల్లో చేతులే పళ్ళేదంట, అంత జోరు. ఆఫీసరమ్మ చేతిలో కాయితాలు గాలికి లేచి వీధిలో పడ్డయ్యి. ఇదీ తగ్గించే చెప్పా.

అక్కడ బియ్యం కొట్టు కాడ వరస మొత్తం చెవులు నిక్కించింది. "అది నాసరయ్య దెబ్బ గదంటే" అంది ఒకామె. "దెబ్బ నాసరయ్యదే, మోత మాత్రం వీరరాఘవులు మగ్గంది" అంది ఇంకొకామె. "ఏం సౌభాగ్యం, మీ ఇంట్లో మీ అన్న నేస్తన్నాడేందే?" సౌభాగ్యం గుండ్రంలోంచి దూకి పరిగెత్తింది, ఎనకాల మొగుడు. వాళ్ళు గుమ్మంలోకి వొచ్చేసరికి ఆఫీసరమ్మ, "సరే వీరరాఘవులూ, ఇక్కడ సంతకం పెట్టు" అంటన్నది. "వీరరాఘవుల్ని నేనమ్మా" అన్నాడు గుమ్మంలోంచి వీరరాఘవులు. "మరి ఈయనెవరు?" అంది ఆమె. నాసరయ్య కలం పట్టుకుని చెమటలు కక్కతన్నాడు. నిజం చెబితే, ఒకరి మగ్గం మీద ఇంకొకరు కూర్చున్నారని బావ పేరు కొట్టేస్తారు. ఇంత కష్టంలోనూ ఆ ముక్క తల్చుకుంటే ఆయనకి కాస్త హాయిగానే అనిపించిందంట, అదీ కుళ్ళంటే!

ఇంతలో వీరరాఘవులు చూపు నాసరయ్య ఒళ్ళో ఉన్న కత్తెర మీద పడింది. పడి, ఫకాలున నవ్వాడు. "వొచ్చావా బావా! నిన్న పోగు కోసుకోమంటే అన్ని మాటలన్నావే!" అని, ఆఫీసరమ్మ కేసి తిరిగి, "మా ఇంటిదాని అన్నమ్మా. సగం పోగు తీసుకుపొమ్మన్నాను, దానికొచ్చాడు. మీరొచ్చేసరికి నేను లేను గదా, నా సాయం పోతాదని నా బదులు నేశాడు. ఆ మనసు ఎవరికుంటది చెప్పండి" అన్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టదు నాసరయ్యకి. ఆఫీసరమ్మ తల పట్టుకుంది. ఆ ఫొటోలు తీసేయించి, బావని కూర్చోబెట్టి మళ్ళా తీయించింది. "నీ పనితనం నా కళ్ళతో చూశానయ్యా" అంది నాసరయ్యతో. "సాయంత్రం దాకా ఈ పేటలోనే ఉంటాను. ఈలోపల నీ మగ్గం మీద పోగు కనపడితే రాస్తాను. లేకపోతే నేనేం చెయ్యలేను."

సాయంత్రానికి బోసి మగ్గానికి పోగు! అయ్యే పనేనా? వీరరాఘవులు తన పోగుని ఎనక వైపు నుంచి సగం కోసిచ్చాడు. "చీర పన్నా వొద్దు బావా, తువ్వాలంత వెడల్పు చాలు, పోగు పోగే గదా" అన్నాడు. అటు బావ, ఇటు నాసరయ్య, మధ్యలో దారం కొసలు విడదీసి అందిస్తా సౌభాగ్యం. దూర్చటం, లాగటం, దూర్చటం, లాగటం. వేళ్ళు కనపడలేదంటే నమ్మండి. బావ పేరిందేవిని మంచినీళ్ళు అడగటానికి లేచినప్పుడు సౌభాగ్యం తలెత్తకుండానే అంది, "అన్నయ్యా, పోగు సగం కోసుకునేవాడు మగ్గం ఎనకాల నిలబడి కోస్తాడు. నువ్వు కత్తెరతో ముందర గుంటలో కూర్చున్నావు." నాసరయ్య చేతిలో దారం జారింది. "ఆయన చూళ్ళేదులే" అంది సౌభాగ్యం, "పట్టు, ఇదిగో ఇంకో కొస." అంతే. ఆ తర్వాత ఆ అన్నాచెల్లెళ్ళు ఆ మాట ఎత్తలేదు.

పొద్దుగూకే వేళకి ఆఫీసరమ్మ వొచ్చింది. మగ్గం నడిమజ్జన తువ్వాలంత పోగు, గుంటలో నాసరయ్య. ధడ్-ధడక్! రాసుకుని పోయింది. సాయం పడింది, ఇద్దరికీ పడింది, మెత్తళ్ళ పులుసు రెండిళ్ళలోనూ కాగింది. కుళ్ళు పోయిందా అంటే, యాడికి పోతాది? ఇంకా పెరిగింది. పేటలో అందరూ ఎవర్ని మెచ్చుకున్నారు? పోగు కోసిచ్చిన వీరరాఘవుల్ని. పైగా ఆయనకి అనుమానం కూడా రాలేదు. చెల్లెలు చెప్పి ఉంటే బావకి కోపం వొచ్చేది, తిట్టేవాడు, లెక్క సరిపొయ్యేది. అదీ లేదు. గోడ అవతల ఆయన గుర్రుపెడతా ఉంటే నాసరయ్య దొర్లేవాడంట, అంత నిద్ర వాడికే ఎట్టా పడతాదా అని.

అదయ్యా జరిగింది. కింద పేటలో కథలు చెప్పేవాడు ఇంకొకడున్నాడు, వాడు ఏమని చెబుతాడంటే, వీరరాఘవులు అంతా చూశాడు, తెలిసే నవ్వాడు అని. వాడికేం తెలుసు, ఆ రోజు వాడు బియ్యం కాడ వరసలో కూడా లేడు. అయినా సరే, ఆ ముక్క వాడికి తట్టి నాకు తట్టకపోవటం ఏందయ్యా! ఇంకా మండతానే ఉండాది నాకు.