ఒక్కసారి చెల్లీ అను

రక్తకేన్సరు రోగుల కణాల్లో క్రోమోజోములు చూసే ల్యాబు. మైక్రోస్కోపు ముందు అక్క. పక్కనే తెర మీద జతలుగా పేర్చిన క్రోమోజోములు. తలుపు దగ్గర టైలరు తమ్ముడు.

"లోపలికి రాకూడదని చెబుతున్నానా? నీ స్లైడు నేను చూడటమే తప్పు ఇక్కడ."

"చూశావుగా మరి. అన్నీ నీ కణాలేనా?"

"చెప్పులు విప్పి రా."

"విప్పాను. అన్నీ నీవేనా అక్కా?"

"మాత్రలు వేసుకున్నావా?"

"వేసుకున్నాను తల్లీ! నీ ఎముక మూలుగ నాకెక్కించినప్పట్నుంచీ, వచ్చిన ప్రతిసారీ 'ఏమే చెల్లీ, నీ ఒంట్లో మగ కణం ఒక్కటీ మిగల్లేదే' అని ఆటపట్టించేదానివి. ఇవాళ ఆ మొహం ఏంటి?"

"నిద్ర లేదు."

"నీ మరదలు కింద నిలబడి ఉంది. నేను మెట్లు దిగేలోపే నా మొహం చదివేస్తుంది."

"డాక్టరుగారు రేపు చెబుతారు."

"ఆయన చెప్పాల్సింది మొదట్లోనే చెప్పాడు. ఏడో జత క్రోమోజోముల్లో ఒకటి ఊడిపోయిన నాలాంటి రకం కేన్సరు మొండిదట. నా పాత కణాలు మళ్ళీ వచ్చాయా, ఇక చేయగలిగింది పెద్దగా ఉండదట. జరుగు, తెర చూస్తా."

"వద్దు. నీకేం తెలుస్తుందిరా!"

"నువ్వే నేర్పావు. చివరి జతలో రెండూ ఒకేలా ఉంటే ఆడ కణం, నీది. ఒకటి పొట్టిదైతే మగ కణం, నాది. గుడ్డ కత్తిరించేవాణ్ణి, పొట్టీ పొడుగూ నాకు తెలీదా? ...అక్కా, ఈ పొట్టిదేంటి?"

"ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడ."

"దుమ్ము."

"దుమ్ము సరిగ్గా జతలో కూర్చుంటుందా?"

"దుమ్మంటే దుమ్మే! స్లైడు సరిగా తుడవలేదు."

"ఏడో జత ఏది? చెయ్యి తియ్యి."

"తియ్యను."

"తియ్యక్కా."

"తియ్యనంటే తియ్యను!"

"సరే, సరే. దుమ్మే. దుమ్మేలే. ఏడుస్తావేంటి, ఇప్పుడు నేనేమన్నానని?"

"మళ్ళీ ఇస్తానురా. ఎంత కావాలంటే అంత తీసుకోమను. నావి గట్టివనుకున్నా. నిన్ను కాపాడతాయనుకున్నా."

"నీవి గట్టివే. నావే మొండి వెధవలు."

"నోర్ముయ్యి."

"ఇప్పుడు కిందకెళ్తే అది అడుగుతుంది, వదినేమంది అని. ఏం చెప్పను? నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు. ఎప్పట్లాగే ఒక్కసారి చెల్లీ అను. 'వదిన నన్ను చెల్లీ అందే' అని చెబుతా. ఈ ఒక్కరాత్రి కడుపునిండా తిని పడుకుంటుంది పాపం."

"అది కాదురా..."

"అను అక్కా. అంటే వెళ్ళిపోతా."

"కాసేపు ఇలా నా పక్కన కూర్చో, తమ్ముడూ."