జవాబు మాత్రం సరిగ్గానే వచ్చింది

బావనేమీ అనకక్కా, బావనేమీ అనకు... ఇందాకట్నుంచీ ఇదే పాట. ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు, నువ్వేమో ఈ ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఇంకా ఆయన్నే వెనకేసుకొస్తున్నావు. చెయ్యి కిందికి దించకురా, వాపెక్కుతుంది. అలా గుండెకానించుకో.

పొరపాటట. పొరపాటు ఎవరైనా చేస్తారు. మీ బావది పొరపాటు కాదు, పొగరు.

పిండి కలిపే మిషన్లు తయారు చేసుకునేవాడివి, నీకీ కోడ్ గొడవ దేనికని ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు విను. మిషన్ ఎలా నడవాలో నీ ఆపరేటర్లు నాలుగు ముక్కల్లో రాస్తారు కదా, దాన్ని మిషన్‌కి అర్థమయ్యేలా మార్చే మా ప్రోగ్రాం, అదే కంపైలర్, ముందు చెట్టులా విడదీస్తుంది. అక్కడిదాకా నా పని. ఆ చెట్టును ఒక్కో కొమ్మా దించుకుంటూ చిన్న చిన్న ఆజ్ఞల వరుసగా మార్చాలి. ఐఆర్ అంటాం దాన్ని. అది మీ బావ పని. నేను చేస్తానంటే ఒప్పుకున్నాడా? పెద్ద పని పెద్దమనిషికే కావాలి మరి.

నీ మిషన్‌కి ఒక షరతుంది చూడు. మూత మూసి ఉండాలి, రెక్కలు తిరగాలి, రెండూ అయితేనే పచ్చలైటు. చెట్టులో అది రెండు కొమ్మలు. ఎడమ కొమ్మ మూత సంగతి చూస్తుంది. కుడి కొమ్మ రెక్కలు తిప్పి, తిరిగాయో లేదో చెబుతుంది. మూత తెరిచుంటే కుడి కొమ్మ జోలికే పోకూడదు, దాన్ని దాటేసి వెళ్లిపోవాలి. అంతే. ఈ పని నేర్చుకునేవాళ్లకి మొదట్లోనే చెప్పే సంగతి.

ఆయనేం చేశాడు? కూడికను ఎలా దించాడో దీన్నీ అలాగే దించాడు. ఎడమది చెయ్యి, కుడిది చెయ్యి, రెండూ కలుపు. కూడికకైతే ఫరవాలేదు. ఇక్కడేమో మూత తెరిచున్నా రెక్కలు తిరుగుతాయి. తిరిగాక, అయ్యో మూత తెరిచుందే అని తీరిగ్గా ఎర్రలైటు వెలుగుతుంది.

పరీక్షల్లో ఎందుకు దొరకలేదా? ఆ పరీక్షలు రాసిందీ ఆ మహానుభావుడే కదా. చివరికి ఏ లైటు వెలిగిందో చూసుకున్నాడు గానీ, మధ్యలో ఏం తిరిగిందో చూడలేదు. మూత తీస్తే ఎర్రలైటు రావాలి, వచ్చింది. ఇవాళ కూడా ఎర్రలైటే వచ్చింది, గమనించావా? నీకెక్కడ తీరికలే.

పొద్దున వంటింట్లో చెప్పాను. ఆ ఐఆర్ మొత్తం చదివాను, అందులో దాటేసే ఆజ్ఞే లేదండీ అన్నాను. ఫోన్‌లోంచి తలెత్తితేగా. పరీక్షలన్నీ పాసయ్యాయి, నీకు ప్రతిదాంట్లో దయ్యాలే కనిపిస్తాయి అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో నా మాట ఒక్కటి చెవిన పెట్టి ఉంటే ఒట్టు.

నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? వర్క్‌షాపులో మిషన్ నడిపి చూసే ముందు మళ్లీ నోరు తెరిచాను. "మీ అక్కకు అన్నిటికీ భయమే. మూత తెరిచుంది కదా, రెక్కలు తిరగవు, ధైర్యంగా చెయ్యి పెట్టు బావమరిదీ" అన్నాడు. నువ్వు నవ్వావు. నవ్వుతూనే మోచేతిదాకా పెట్టావు. సరే, మీరిద్దరూ తెలివైనవాళ్లు, నేనే పిచ్చిదాన్ని అనుకుని నోరు మూసుకున్నాను.

ఇంకొక్కటి విను. ఇది మీ బావకు తెలియదు.

మెయిన్ స్విచ్ నా పక్కనే ఉంది. అందుకే అక్కడ నిలబడ్డాను, తిరిగితే ఆపేద్దామని. ఆయన బటన్ నొక్కాడు. రెక్క కదిలింది. నాకు ముందు భయం వెయ్యలేదురా. సంతోషం వేసింది. ఆయన మొహం వంక చూశాను. ఆ మొహం తెల్లబోతే చూడాలని ఎన్నేళ్లుగా ఉందో నాకు. కళ్లారా చూశాను. చూశాకే నీ అరుపు వినిపించింది, అప్పుడు స్విచ్ కట్టేశాను.

రెక్క కదలగానే కట్టేసి ఉంటే నీ వేళ్లు నలిగేవి కావు.

అదిగో, ఎక్స్‌రేకి నిన్నే పిలుస్తున్నారు. లే, వెళ్లు. మీ బావనేమీ అననులే. ఏ మొహం పెట్టుకుని అంటాను.