గెలిచిన మ్యాచ్‌కు లేని మేనేజర్

“గెలిచిన రోజు మీరెందుకు రాలే సార్?” అని అడిగిన.

పొద్దుగాల తొమ్మిదైంది. పదకొండు గంటలకు కమిటీ మీటింగు. మా ఆడపిల్లల బేస్‌బాల్ జట్టుకు దేవదానం సార్ ఇంక మేనేజర్‌గా ఉండుడా, దిగుడా అన్నది అక్కడనే తేలుతది. ఆదిలాబాద్‌ల ఆయన ఇంటి అరుగు మీద కూసొని అడిగిన. ఒకప్పుడు ఆయన దగ్గర ఆడినదాన్ని, ఇప్పుడు ఆయన కింద పిల్లలకు నేర్పుతున్న. అసలు ఏం చెప్పడానికి పోయిన్నో అది మాత్రం ముందుగాల చెప్పలే. ఆయన మాటలు ఎట్లొచ్చినయో అట్లనే రాస్తున్న.

*

అడుగుతవని ఎరుకే రజితా. ఎల్లుండికో అవతలెల్లుండికో అడుగుతవనుకున్న, నువ్వు ఇయ్యాల్నే వచ్చినవ్. చాయ్ తాగు, సల్లారుతది. చెప్తగని జర ఆగు, ఆ ఫోన్ మోగిందా? మోగలేదా. కమిటీవోళ్లు చేస్తరేమోనని పొద్దటిసంది మోగినట్టే అనిపిస్తుంది నాకు. మీ మేడం లోపట నవ్వుతుంది, ఇను. మోగకముందే నాలుగుసార్లు ఎత్తి హలో అన్నడంటుంది. అనంగా అనంగా నిజమైతదేమో, అననియ్యి.

నేనేం పరేషాన్ లేను. చేతి మీద గీ గీతలా, అవి పత్తి డొప్పలు గీరుకపోయినయి, మంట. పత్తి డొప్పలేంది అంటవు. గదే చెప్పబోతున్న, మధ్యల అడుగకు.

మన జట్టు సంగతి నీకు చెప్పేదేముంది. ఈ ఏడు మొన్నటి దాక మూడు ఆడితే మూడు పోయినయి. పోయినేడు ఒకటి గెలిచినం... గెలిచినమా? లేదు లేదు, అది వానకు ఆగిపోయింది. ఇన్నొద్దులు దాన్ని గెలుపుల కలిపి చెప్పుకుంటున్న నేను, జూడు. కమిటీ సెక్రటరీ సాబ్ నన్ను పిలిచి, కుర్సీ ఏసి, సమోస తెప్పిచ్చి మరీ చెప్పిండు. నాకు సమోస చూడంగనే బుగులైంది. “దేవదానం సార్, నిర్మల్ జట్టోళ్లతోటి మ్యాచ్ చూస్తం. ఆ తర్వాత మాట్లాడుకుందం” అన్నడు. మంచోడే ఆయన. గని మంచోళ్లు నిమ్మలంగ మాట్లాడితే ఇంక భయమైతది.

ఈ ఆట నేను ఎట్ల వట్టుకున్ననో నీకు చెప్పిన్నా? చెప్పిన్నేమో. మా తమ్ముడు మస్కట్ల ఉండంగ ఆనితోటి ఒకటే రూంల ఫిలిప్పీన్ పోరడు ఉండె. శుక్రవారం వచ్చిందంటె ఇసుకల ఇదే ఆట అంట. మావోడు సెలవుకు వచ్చినప్పుడు ఒక గ్లౌజు తెచ్చిండు, ఎడమ చేతిది, తోలుది. అందరు తమ్ముళ్లు అక్కడికెల్లి టేప్‌రికార్డర్లు తెస్తుంటే మావోడు ఒంటి చేతి గ్లౌజు తెచ్చిండని మా బాపు ఎంత తిట్టిండో. మా బాపు మిషన్ కాంపౌండ్ల తోటమాలి. చెట్లకు నీళ్లు పోసేటందుకన్న పనికొస్తదా రా అన్నడు. గా గ్లౌజుతోటే మొదలైంది. అప్పుడు ఉట్నూర్‌కు బస్సు టికెట్ పది రూపాయలో పన్నెండు రూపాయలో, ఎక్కి పోయి ఊరూరు తిరిగి పిల్లలను జమ చేసిన. నువ్వు మొదటి రోజు బాల్ కొట్టి, బ్యాటు చంకల వెట్టుకోని ఉరికినవ్, క్రికెట్ లెక్క. కింద వడెయ్యే అని నేను మొత్తుకుంటుంటె, పోతది సార్, ఎవరన్న ఎత్తుకపోతరు అన్నవ్. యాదికున్నదా. ఉండదు, నీకెందుకుంటది, ఇజ్జత్ పోయే ముచ్చట్లు నాకే యాదికుంటయి.

ఏడున్న నేను. ఆ, నిర్మలోళ్ల మ్యాచ్.

సోంబాయి లేకుంటే మనకు బాల్ ఏసేటోళ్లు లేరు, నీకెరుకే. ఉట్నూర్ అవతల, అడివిల ఊరు దానిది. చిన్నప్పటిసంది జొన్న చేన్ల పిట్టలను కొట్టిన చెయ్యి అది, నేను నేర్పిచ్చిందేం లేదు, కాళ్లు ఏడ వెట్టాల్నో చెప్పిన గంతే. మ్యాచ్‌కు ముందురోజు ఫోన్ చేస్తె కలువలే. మనసు నిలువక జీపెక్కి నేనే పోయిన. వాళ్ల బాపు లచ్చు వాకిట్ల పత్తి నింపే బోరాలు కుడుతుండు.

“రేపు పంపరాదు సార్” అన్నడు. “రేపు మారుతి చేన్ల పత్తి ఏరుడు. మా ఇంటికెల్లి ఒక చెయ్యి పోవాలె.”

వాళ్ల దగ్గర అట్ల, చేతికి చెయ్యి. బదులుకు పోవుడు అంటరు. పోయిన వారం లచ్చు చేనుకు ఆరు ఇండ్లోళ్లు వచ్చి ఏరిండ్రు. ఇప్పుడు ఆ ఆరు ఇండ్ల చేన్లకు లచ్చు ఇంటికెల్లి ఒకలు పోవాలె. సోంబాయి తల్లి పచ్చి బాలింత. లచ్చుకేమో ఆ రోజే మార్కెట్‌కు పత్తి బండి. ఇగ మిగిలింది ఎవరు, సోంబాయి. అది తలుపు పక్కన నిలవడి కాలి బొటనవేలుతోటి మన్ను గీరుతుంది.

నేనొక తప్పు చేసిన బిడ్డా. “కూలి మనిషిని పెట్టు లచ్చు, పైసలు నేనిస్త” అన్న. అన్నంక తెలిసింది నోరు జారిందని. లచ్చుకు కోపమన్న రాలే. “సార్, వాళ్లు నా చేన్ల పైసలకు ఏరిండ్రా?” అన్నడు, గంతే. మల్ల బోరం కుట్టుకుంట కూసున్నడు. నాకు మొకం ఏడ వెట్టుకోవాల్నో తెలువలే. ముప్పై ఏండ్లసంది ఆ ఊర్లకు తిరుగుతున్న నేను, గీ మాట నాకు తెలువదా. గెలవాలె గెలవాలె అని మతి పోయింది.

ఆయన పక్కన బోరం అంచు వట్టుకోని కూసున్న. తర్వాత “అయితె నా చెయ్యి తీస్కపో” అన్న.

లచ్చు సూది ఆపి చూసిండు. “నీ చెయ్యా?”

“ఏం, ఐదు వేళ్లున్నయి గద.”

“మొగోళ్లు ఏరరు సార్. నవ్వుతరు.”

“మూడు మ్యాచులు ఓడినోన్ని, నవ్వుతె నాకేం కొత్త” అన్న.

అప్పుడు నవ్విండు. సోంబాయి సుత నవ్వింది, చున్నీ అడ్డం వెట్టుకోని. రాత్రి వాళ్ల ఇంట్లనే పండుకున్న. తెల్లారి దాన్ని జీపుల ఎక్కిచ్చి, జీపాయనకు పదిసార్లు చెప్పి, రోడ్డు మీద సిగ్నల్ వచ్చే ఒక్క తావు ఉంటది, ఆడ నిలవడి నీకు ఫోన్ చేసిన. నాకు పనివడ్డది, జట్టును నువ్వు చూస్కో అన్న. నువ్వు ఏం పని సార్ అంటె కట్ చేసిన. ఏం చెప్తం. మేనేజర్ పత్తి ఏరవోతుండని చెప్తమా.

ఇగ చేన్ల ముచ్చట అడుగకు. నడుముకు గోనెసంచి కట్టుకోని వరుసల నిలవడ్డ, అటు ఇటు అందరు ఆడోళ్లే. నేను ఒక్క చెట్టు ఏరేసరికి వాళ్లు పదో చెట్టు కాడికి పోయిండ్రు. ఒక ముసలామె, నాకంటె పెద్దదే, నన్ను ఆజోబా ఆజోబా అనుకుంట, తాతా అన్నట్టు మరాఠీల, “ఆజోబా, పత్తి ఏరమన్నరు, చెట్టుకు దండం పెట్టమనలే” అంటుంది. నడుము వంగి వంగి దండం పెట్టినట్టే ఉండె మరి. డొప్పలు గోర్లల్ల గుచ్చుకుంటయి. పత్తి అంత మెత్తగుంటది గని దాని ఇల్లు గట్టిది.

చేతులు చెట్టు మీద, మనసేమో ఈడ గ్రౌండ్ల. ఇప్పుడు మొదలైంది కావచ్చు. ఇప్పుడు సోంబాయి ఏస్తుంది కావచ్చు. మొదటి బాల్ దానికెప్పుడు ఎత్తు పోతది, రజిత చెప్పిందో లేదో. గిదే ఫికర్. ఫోన్ ఉన్నదంటె ఉన్నది, సిగ్నల్ లేదు. రెండుసార్లు సంచి ఇప్పి రోడ్డు దాక పోదామనుకున్న. మల్ల ఆ ముసలామె చూస్తుంది. పనిల సగంల లేస్తె లచ్చు చెయ్యి సగమే పోయినట్టు గద. లేవలే.

మాపటికి కాంట పెట్టిండ్రు. వాళ్లవి మూటలు, నాది పిల్లగాని దిండంత ఉన్నది. మారుతి దాన్ని చూసి, “లచ్చు ఇంటికెల్లి చెయ్యి రాలేదుర, చిటికెనవేలు వచ్చింది” అన్నడు. అందరు నవ్విండ్రు. నేనూ నవ్విన. గప్పుడే జీపు వచ్చింది, సోంబాయి దిగి ఉరుకొస్తుంది. దాని ఉరుకుడుతోనే తెలిసింది.

సంతోషమైంది బిడ్డా, అబద్ధం చెప్పను. కండ్లల్ల నీళ్లొచ్చినయి, పత్తి దుమ్ము అన్న. గని జీపుల వాపసు వచ్చేటప్పుడు వేళ్ల మీద లెక్క పెట్టుడు షురువైంది. నేనున్నప్పుడు మూడు ఓడిండ్రు. లేనప్పుడు ఒకటి గెలిచిండ్రు. ఎవ్వలకైన ఏమనిపిస్తది? సిగ్నల్ రాంగనే ఫోన్ల మన గ్రూపు తెరిచిన. నడుమల నువ్వు, చుట్టు పిల్లలు. కింద సెక్రటరీ సాబ్ రాసిండు, కొత్త చెయ్యి పడితె జట్టు మారింది అని. ఇంటికొచ్చినంక మీ మేడం అది చదివి, కొత్త చేతికి పత్తి డొప్పలు గుచ్చుకోలే గద అన్నది.

చెప్పరాదా సార్, ఎందుకు రాలేదో చెప్పరాదా అంటవు. నీ మొకంల కనవడుతుంది. చెప్పొస్తదా? సెక్రటరీ సాబ్ ఎన్నడో అన్నడు, ఆ అడివి ఊర్ల పిల్లలు పత్తి తీసేటప్పుడు చేతికి రారు, వాళ్లను తీసేసి టౌన్ పిల్లలను పెట్టుమని. నేనే ఆపుకుంట వస్తున్న. ఇప్పుడు పోయి, సోంబాయిని మ్యాచ్‌కు తేవాల్నంటె నేను చేన్ల వంగాల్సి వచ్చింది సాబ్ అంటె, నా కొలువు ఉంటదేమో. సోంబాయి ఉండదు. ఆమె ఒక్కతే కాదు, ఆ తొవ్వల ఉన్న నలుగురు పోతరు.

అందుకే చెప్పలే. ఈ ముచ్చట మన ఇద్దరికే ఉండాలె. లోపట మీ మేడం ఇంటుంది, ముగ్గురికి. ఫోన్... కాదా. పక్కింటోళ్లదా.

*

“సార్” అన్న. “సెక్రటరీ సాబ్ నిన్న నాకు ఫోన్ చేసిండు. మీ తావుల నన్ను ఉండుమంటుండు. దరఖాస్తు రాసుకొని రమ్మన్నడు. ఇయ్యాల మీటింగుల ఇయ్యాలె.”

సార్ అరుగు మీదికెల్లి లేచి వాకిట్ల ఆ మూలకు పోయి, మల్ల వచ్చిండు.

*

రాసినవా?

రాసినవ్. సంచిల ఉన్నదా. ఉండనియ్యి, తియ్యకు, నాకిప్పుడు చదువ బుద్ధి లేదు. చూసి అక్షరాల తప్పులు దిద్దుత, నాకు ఆ పాడు అలవాటు.

ఇను రజితా. నేను పెద్దమనిషి లెక్క మాట్లాడుత అనుకోకు. నాకు ఆ పని కావాలె. పైసలకు కాదు, మూడు నెలలకొకసారి ఇస్తరు, చాయ్‌లకు పోతయి. పొద్దుగాల లేస్తె పోయేటందుకు నాకొక గ్రౌండ్ కావాలె. అది లేకుంటె ఈ వాకిట్ల గిట్లనే తిరుగుత, మీ మేడం నన్ను కట్టేస్తది. నువ్వు చెప్పంగనే నాకు నీ మీద కోపం వచ్చింది. ఇప్పుడు సుత ఉన్నది జర. పోతది. సాయంత్రం దాక టైం ఇయ్యి.

గని నువ్వు కాదంటె ఏమైతది? వాళ్లు మల్ల నన్ను పిలుస్తరా? పిలువరు. టౌన్ల ఒక సార్ ఉన్నడు, ఆయనను తెస్తరు. ఆయనకు సోంబాయి ఎవరో తెలువదు, జీపు ఎన్ని గంటలకో తెలువదు. ఒక్క పత్తి ఏరుడు అడ్డం వస్తె చాలు, పేరు కొట్టేస్తడు. నువ్వు ఆ తొవ్వల వచ్చినదానివే. మీ అవ్వ నిన్ను పంపనంటె మీ వాకిట్ల నేను రెండు రోజులు కూసున్న, అది నీకు తెలువది కాదు.

అందుకని అవునను. అనే ముందుగాల ఒక్కటి చెయ్యి. కాయితం వాళ్ల చేతుల పెట్టకముందే అడుగు, ఈ ఏడు ఆడేటోళ్ల పేర్లు మార్చద్దు అని. నోటితోటి కాదు, రాయించుకో. సంతకం పెట్టించుకో. నీకు సిగ్గు ఎక్కువ, అడుగవు, నాకెరుకే. అడుగు. వాళ్లకు ఇప్పుడు నీతోటి అవసరం ఉన్నది, రేపు ఉంటదో లేదో. ఒకవేళ వద్దన్నరనుకో, కాయితం సంచిలనే పెట్టుకోని లేచి రా. ఇద్దరం గీ అరుగు మీద కూసుందాం, ఏం చేద్దం.

దేవదానం సార్ ఏమన్నడు అంటె, ఏమనలే అని చెప్పు. ఆ రోజు ఏడికి పోయిండంటె, పనివడ్డదంట అను.

ఇగ లే, పదిన్నరైతది. చున్నీ సక్కగ ఏసుకో. దేవుడు నీ చెయ్యి వట్టుకోని నడిపియ్యాలె, ఓడినా గెలిచినా పిల్లలు నీ మొకం చూసి భయపడకుంట ఉండాలె, చల్లగుండు బిడ్డా. ఏడువకు. నేనే ఏడుస్తలేను.

ఆగు. పోయేటప్పుడు ఒక్కటి చెప్పి పో. సోంబాయిని అడిగితె, ఏసిన సార్ వాళ్లకు తగులలే అన్నది, దానికి చెప్పొస్తదా ఏమన్నా. ఫోటోల అందరు నవ్వుతున్నరు గని బాల్ ఏది? ఆఖరి బాల్... ఎట్ల ఏసింది అది? కాలు ముందు వెట్టిందా, నేను చెప్పినట్టు? నువ్వు ఏడ నిలవడ్డవు అప్పుడు? మొదటికెల్లి చెప్పు, నిమ్మలంగ చెప్పు, ఆటో నేను పిలుస్తగని...